కారిన బ్యాటరీకి వెనిగర్ వైద్యం: మూడేళ్ల వాడకం తర్వాత

నా పాత 386 కంప్యూటర్ మదర్‌బోర్డుపై బ్యాటరీ కారిన మరకలను వెనిగర్‌తో శుభ్రం చేసి మూడేళ్లు దాటింది. ఇంతకు మించిన పద్ధతి లేదని అప్పట్లో అడిగినవారందరికీ గట్టిగా చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి వచ్చింది.

అంతగా మెచ్చుకోవడానికి కారణం ఆ నురుగే. ఈ బోర్డులపై ఉండే 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ నుంచి కారేది ఆమ్లం కాదు, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తెల్లని పొటాషియం కార్బొనేట్‌గా పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో దానిపై వెనిగర్ పూస్తే బుసబుసమని పొంగుతుంది, పొంగు చల్లారేసరికి తెల్లని పొడి మాయమవుతుంది. ఆపై డిస్టిల్డ్ వాటర్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టి స్విచ్ వేయగానే, బోర్డు బతికిందన్న గుర్తుగా తెరపై మెమరీ లెక్క మొదలైంది. నురుగు ఆగింది కాబట్టి క్షారం పోయిందనే నమ్మాను.

ఈ ఏడాది ఒకరోజు తెర వెలగలేదు. స్పీకర్ వరుసగా ఆరుసార్లు బీప్‌మంది. కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం అయిన ఏఎంఐ బయోస్‌లో దానికి అర్థం ఏ20 గేటు (పైభాగపు మెమరీని అందుబాటులోకి తెచ్చే సిగ్నల్) వైఫల్యం. ఆ గేటును నడిపేది కీబోర్డు కంట్రోలర్ కాబట్టి మొదట అనుమానించవలసింది దాన్నే. ఆ 40 కాళ్ల చిప్ బ్యాటరీకి రెండు వేళ్ల దూరంలోనే ఉంది. ఊడదీసి చూస్తే చిప్ కాళ్లు బాగానే ఉన్నాయి గానీ, సాకెట్ లోపలి రేకులకు చిలుము పట్టింది. సాకెట్‌ను తీద్దామంటే సోల్డర్ (కాళ్లను బోర్డుకు అతికించే టంకం) కరగలేదు. క్షారం తిన్న సోల్డర్ బూడిదరంగుకు తిరిగి, సోల్డరింగ్ ఐరన్ ఎంతసేపు ఆనించినా మొండికేస్తుంది. సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ రాసి కొత్త సోల్డర్ కలిపితే గానీ దారికి రాదు. ఒక్కో కాలికీ అలా చేసుకుంటూ పోతే ఒక సాయంత్రమంతా పట్టింది. సాకెట్ కింద, మూడేళ్లుగా నేను చూడని చోట, బోర్డు ఆకుపచ్చ పూత పొక్కులా ఉబ్బి ఉంది. గోటితో తాకగానే పొరలా లేచి వచ్చింది. దాని అడుగున వెంట్రుకంత రాగి ట్రాక్ నల్లబడి మధ్యలో తెగిపోయింది, అది చేరవలసిన రంధ్రంలోని రాగి పూత కూడా పోయింది. వెనిగర్ అక్కడిదాకా చేరనే లేదు. కనబడిన చోట మాత్రమే పనిచేసి, అంతా నయమైనట్టు నన్ను నమ్మించిన ఆ నురుగుపై నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మెరిసే రాగి కనిపించేదాకా ఫైబర్‌గ్లాస్ పెన్నుతో గీకి, మళ్లీ వెనిగర్ పూసి కడిగాను. తెగిన చోటును 0.25 మిల్లీమీటర్ల తీగతో కలిపి, దారి కలిసిందని మల్టీమీటర్ కూత పెట్టాకే కొత్త సాకెట్ వేశాను. పాత బ్యాటరీ స్థానంలో మొదటిసారే పెట్టుకున్న, ఛార్జ్ చేయకూడని సీఆర్2032 నాణెపు బ్యాటరీ విషయంలో మాత్రం ఏ ఫిర్యాదూ లేదు; బోర్డు పంపే ఛార్జింగ్ దానిలోకి వెళ్లకుండా మధ్యలో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉండి తీరాలి.

వెనిగర్‌ను వద్దని చెప్పను. నా బోర్డు కారిన స్థితిలోనే ఏళ్లతరబడి మూలన పడి ఉంది. మరక బ్యాటరీ కాళ్ల దగ్గరే ఉండగా చూసుకున్నవారికి శుభ్రం చేయడమొక్కటే సరిపోవచ్చు. సాకెట్లు తీసే అలవాటు లేనివారు నాలా చేయబోతే, సోల్డర్ అంటుకునే రాగి ప్యాడ్‌లు బోర్డు నుంచి ఊడివచ్చే ప్రమాదమూ ఉంది. నా రెండో బోర్డుకు మాత్రం ముందుగా సాకెట్ తీసి, ఆ తర్వాతే వెనిగర్ పూశాను. దాని సంగతి చెప్పాలంటే ఇంకో రెండేళ్లయినా వాడి చూడాలి.