డూమ్: సూపర్ నింటెండోలోనా, ప్లేస్టేషన్‌లోనా?

డూమ్ అంటే రాక్షసుల్ని కాల్చుకుంటూ పోయే వీడియో గేమ్. ఈ రెండు గేమ్ మెషిన్లకీ దాని వెర్షన్లు 1995లో వచ్చినవే, ఆట తీరు మాత్రం ఎక్కడా కలవదు.

సూపర్ నింటెండో: ఆట ఉండే కార్ట్రిడ్జ్‌లోనే, బొమ్మలు గీయడానికి సాయపడే సూపర్ ఎఫ్‌ఎక్స్ 2 చిప్ పెట్టి 16 బిట్ మెషిన్‌తో మోయించారు. నేలకీ పైకప్పుకీ టెక్స్చర్లు (పైన అతికే బొమ్మలు) లేవు, ఉత్త రంగే. రాక్షసుల వెనక్కి వెళ్లినా మొహం మనవైపే! 22 లెవెల్స్. సేవ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. ఆపేస్తే కథ మళ్లీ మొదటికే. సంగీతం మాత్రం బ్రహ్మాండం.

ప్లేస్టేషన్: డూమ్ 2వి కూడా కలుపుకొని 59 లెవెల్స్. రంగురంగుల వెలుతురు. హుషారు సంగీతం తీసేసి సంగీతకారుడు ఆబ్రీ హాడ్జెస్ మూలుగుల్లాంటి చప్పుళ్లు పెట్టాడు. హెడ్‌ఫోన్స్‌తో వింటే ఒళ్లు జలదరిస్తుంది. పాస్‌వర్డ్ రాసుకుంటే చాలు, ఆపిన లెవెల్ నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. లోటల్లా డూమ్ 2లోని ఆర్చ్‌వైల్ అనే రాక్షసుడు లేకపోవడమే.

చివరిదాకా ఆడాలంటే ప్లేస్టేషన్. అంత చిన్న మెషిన్ ఇంత బరువెలా మోసిందో చూడాలన్న సరదా ఉంటే సూపర్ నింటెండో, అదీ ఒక్క సాయంత్రానికి.