కోబాల్ట్ బ్లూకి లోతు మట్టి మేలా, పలుచటి మట్టి మేలా?

కోబాల్ట్ బ్లూ టరాంటులా అనే పెద్ద సాలీడుని పెంచేవాళ్లలో కొందరు పెట్టెలో ఐదారు సెంటీమీటర్ల మట్టి పరిచి, పైన బెరడు ముక్క పెడతారు. ఇంకొందరు 20, 25 సెంటీమీటర్ల దాకా నింపుతారు.

మొదటి పద్ధతిలో సాలీడు కళ్లెదుటే ఉంటుంది. ఆ నీలిరంగు కాళ్లు చూడాలనే కదా తెచ్చుకున్నది! కుబుసం విడిచిందో లేదో ఇట్టే తెలుస్తుంది. కానీ ఇది మయన్మార్, థాయ్‌లాండ్ నేలల్లో లోతుగా బొరియ తవ్వుకుని బతికే జీవి. దాక్కునే చోటు లేకపోతే ఎప్పుడూ టెన్షన్‌లోనే ఉంటుంది. అమెరికా ఖండాల టరాంటులాల్లో చాలావాటికి ఉండే దురద పుట్టించే వెంట్రుకలు దీనికి లేవు. అందుకే ముందుకాళ్లు ఎత్తి బెదిరిస్తుంది, అప్పటికీ వెనక్కి తగ్గకపోతే కరుస్తుంది. మూత తీసిన ప్రతిసారీ గండమే.

లోతు మట్టిలో అదే సాలీడు వేరే జీవిలా ప్రవర్తిస్తుంది. అలికిడైతే చాలు, కిందికి జారుకుంటుంది. కొబ్బరి పొట్టులో పురుగుమందు తగలని మట్టి కలిపి గట్టిగా అదిమితే సొరంగం కూలదు, అడుగున తేమ నిలుస్తుంది. మట్టికీ మూతకీ మధ్య ఎత్తు తక్కువ కాబట్టి, కింద పడి పొట్ట పగిలే ప్రమాదమూ తగ్గుతుంది. వారాల తరబడి కనిపించకపోవచ్చు. దయచేసి తవ్వి చూడకండి, లోపల కుబుసం విడుస్తూ ఉండొచ్చు. రాత్రి లైటు ఆర్పాక ఓపిగ్గా కూర్చుంటే బొరియ అంచున కాళ్లు కనిపిస్తాయి.

పెట్టె మార్చేటప్పుడు మాత్రం లోతు మట్టి నిజంగానే కష్టం. అయినా నా ఓటు దానికే. ఎలా పెంచినా పొడవాటి పట్టకారు వాడండి, చెయ్యి పెట్టకండి.