సొంత విమానమా, స్కూల్ విమానమా?

గుంటూరులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డ మా మేనల్లుడి దగ్గర పరిమితులున్న మైక్రోలైట్ (చాలా తేలికైన చిన్న విమానం) లైసెన్సు ఉంది. దాంతో బయల్దేరిన చోటు నుంచి 8 నాటికల్ మైళ్లు దాటకూడదు. పరిమితి తీసేయాలంటే నావిగేషన్ శిక్షణ, ఒంటరిగా 40 నాటికల్ మైళ్ల ప్రయాణాలు రెండు చేయాలి. 40 అంటే సుమారు 74 కిలోమీటర్లు. బెజవాడ నుంచి గుంటూరు వెళ్లి తిరిగొచ్చినంత.

ఈ శిక్షణ స్కూల్ విమానం అద్దెకు తీసుకుని చేయాలా, వాడు కొనుక్కున్న సొంత విమానంలో చేయాలా అన్నదే ప్రశ్న. "మామయ్యా, సొంతది ఉండగా అద్దె ఎందుకు?" అంటాడు వాడు. లెక్క ప్రకారం నిజమే: పెట్రోలు, శిక్షకుడి ఫీజు ఇస్తే చాలు. పైగా రేపు ఎగిరేది దాంట్లోనే కాబట్టి చెయ్యి అలవాటవుతుంది. కానీ ఒక్క సీటుదైతే పక్కన శిక్షకుడు కూర్చోలేడు. రెండు సీట్లున్నా బీమాలో శిక్షణకు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి, శిక్షకుడూ ఒప్పుకోవాలి. ఇంజన్ మొరాయిస్తే శిక్షణ ఆగినట్టే, రిపేరు ఖర్చూ మనదే.

స్కూల్ విమానానికి గంట లెక్కన ఎక్కువే వదులుతుంది. అయితే చెడిపోతే తలనొప్పి వాళ్లది.

అసలు మెలిక వేరే ఉంది. వాడు నేర్చుకున్నది స్కూల్లో, స్టిక్ (నడిపే కర్ర) ఉన్న రకం మీద. కొన్నదేమో గుడ్డ రెక్కది, అంటే పైనున్న గుడ్డ రెక్కను చేతిలోని బారుతో (అడ్డకడ్డీతో) కదిలిస్తూ నడిపే ఫ్లెక్స్‌వింగ్ రకం. స్టిక్ వెనక్కి లాగితే ముక్కు పైకి లేస్తుంది. గుడ్డ రెక్కదాంట్లో బారు ముందుకు తోస్తే లేస్తుంది. కంగారులో పాత అలవాటే ముందుకొస్తుంది. అందుకే ముందు ఒక రకం నుంచి ఇంకో రకానికి మారే ఆ తేడా శిక్షణ పూర్తి చెయ్యమన్నాను, దూరప్రయాణాల సంగతి తర్వాత. వాడు "సరే" అన్నాడు గానీ, మనసంతా సొంత బండి మీదే ఉంది.