భాభా కవచ్: తేలికే, కానీ ఎండ పడదు

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధాని తయారుచేసే ఈ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌కి సాంకేతికత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)ది. పాలిథిలిన్ పొరల్ని వేడిలో అదిమి గట్టి పలకగా చేసి, కార్బన్ నానో పదార్థం జోడిస్తారు. ఏకే-47 తూటాని ఆపే సరుకు సుమారు 9 కిలోలే తూగడం అసలు ఘనత. (ఆగిన తూటా కూడా పక్కటెముక విరిచేయగలదు, అది వేరే సంగతి.)

ఛాతీ వైపు పలక పై అంచు గొంతు కింది గుంత దగ్గరికి రావాలి. భుజం పట్టీ వదులైతే పలక జారి గుండె పైభాగం బయటపడుతుంది. మే నెలలో అద్దాలు మూసిన జీపులో పడేయొద్దు. బాగా వేడెక్కితే పాలిథిలిన్ పీచు బలం తగ్గుతుంది. ఉతకాల్సింది కవరొక్కటే, పలకలకి తడిగుడ్డ చాలు. తూటా తగిలిన పలకని మార్చాల్సిందే.

ఒంటినిండా కవచం కోరేవాళ్లకి నిరాశే. చేతులు, తొడలు బయటే ఉంటాయి. అక్కడా పలకలు బిగిస్తే ఇక పరుగెత్తినట్టే!