సీమేక్ టూల్‌చెయిన్ ఫైల్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ఎక్స్86 (మామూలు పీసీ ప్రాసెసర్) లినక్స్ మీద రాసిన సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను 64 బిట్ ఆర్మ్ బోర్డులకు, తర్వాత విండోస్‌కు పోర్ట్ చేయడం, అంటే అక్కడ నడిచేలా మార్చడం, కొన్నేళ్లుగా నా పని. మేక్‌ఫైల్‌లో ఫ్లాగులు (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లు) చేత్తో రాసుకోవడం మానేసి, సీమేక్ అనే బిల్డ్ టూల్‌కు ఏ మెషిన్ కోసం, ఏ కంపైలర్‌తో బిల్డ్ చేయాలో చెప్పే టూల్‌చెయిన్ ఫైల్‌కు మారాక వెనక్కి వెళ్లాలని ఎప్పుడూ అనిపించలేదు. కాకపోతే అది చేసిపెట్టే పనులు కొన్ని, మన నెత్తిన వదిలేసేవి కొన్ని. ఆ తేడా ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఫైల్ చాలా చిన్నది. సిస్టమ్ పేరు లినక్స్, ప్రాసెసర్ ఏఆర్చ్64 (64 బిట్ ఆర్మ్), కంపైలర్ క్లాంగ్, దాని టార్గెట్, సిస్‌రూట్ (బోర్డులోని లైబ్రరీలు, హెడర్ల కాపీ) ఉన్న ఫోల్డర్: అసలు సరుకంతా ఇంతే. నాకు అన్నిటికంటే పనికొచ్చినవి ఫైండ్ రూట్ పాత్ మోడ్ సెట్టింగులు, అంటే దేన్ని సిస్‌రూట్‌లో వెతకాలో, దేన్ని కూడదో చెప్పేవి. ప్రోగ్రాములకు ‘నెవర్’ అనీ, లైబ్రరీలకూ హెడర్లకూ ప్యాకేజీలకూ ‘ఓన్లీ’ అనీ పెడతాను. దాంతో కోడ్ జనరేటర్ లాంటివి మన పీసీ నుంచి, లింక్ చేయాల్సిన లైబ్రరీలు సిస్‌రూట్ నుంచి వస్తాయి. ఇది పెట్టకపోతే పీసీలోని ఎక్స్86 లైబ్రరీ ముందు దొరికేస్తుంది. అప్పుడు లింకర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది కాబట్టి ఫర్వాలేదు. పీసీలోని వేరే వెర్షన్ హెడర్ దొరికితేనే ప్రమాదం, బిల్డ్ సాఫీగా అయిపోయి బోర్డు మీద క్రాష్ అవుతుంది.

సిస్‌రూట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మా బోర్డుల్లో డెబియన్ 11, అంటే జీలిబ్‌సీ (లినక్స్‌లోని ప్రాథమిక సీ లైబ్రరీ) 2.31. బిల్డ్ చేసేది ఉబుంటు 22.04 మీద, అందులో ఉన్నది 2.35. సిస్‌రూట్ లేకుండా ఉబుంటు క్రాస్ లైబ్రరీలతో లింక్ చేస్తే ప్రోగ్రామ్ బోర్డు మీద మొదలే కాదు, ‘జీలిబ్‌సీ_2.34 దొరకలేదు’ అంటుంది. మనం కొత్త ఫంక్షన్ ఏదీ వాడకపోయినా సరే. 2.34లో పీథ్రెడ్ (థ్రెడ్ల) లైబ్రరీని అసలు లిబ్‌సీలో కలిపేశారు, ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే సింబల్‌కు కూడా ఆ వెర్షన్ ముద్రే పడింది. దీనికి కంపైలర్ ఫ్లాగేదీ మందు కాదు. బోర్డులోని డెబియన్ 11 లైబ్రరీలనే సిస్‌రూట్‌గా తెచ్చి, వాటితోనే లింక్ చేయాలి.

తెచ్చేటప్పుడు సిమ్‌లింకులు (వేరే ఫైల్‌ను చూపించే లింకులు) చూసుకోండి. కొన్ని డెవ్ ప్యాకేజీల్లో లైబ్రరీ లింక్ రూట్ నుంచి పూర్తి పాత్‌తో ఉంటుంది. దాన్ని మన పీసీలోకి కాపీ చేస్తే అది మన పీసీ రూట్ వైపే చూస్తుంది. ‘లైబ్రరీ దొరకలేదు’ అనే ఎర్రర్ చూసి లింకర్ ఫ్లాగులతో కుస్తీ పట్టేవాళ్లు చాలామందే. లింకులను రిలేటివ్‌గా మార్చేస్తే సరిపోతుంది.

సీమేక్‌లో నాకు నచ్చనివి రెండు. టూల్‌చెయిన్ ఫైల్‌లో రాసిన ఇనిషియల్ ఫ్లాగులు మొదటి కాన్ఫిగర్‌లోనే కాష్‌లోకి వెళ్తాయి. ఆ తర్వాత ఫైల్ మార్చినా పాత ఫ్లాగులే నడుస్తాయి, హెచ్చరిక కూడా రాదు. సీమేక్ 3.24లో వచ్చిన ‘ఫ్రెష్’ ఆప్షన్‌తో ఈ బాధ చాలావరకు తీరింది. అంతకంటే పాత వెర్షన్ అయితే బిల్డ్ ఫోల్డర్ తీసేయడమే మార్గం. రెండోది, లైబ్రరీల పాత్‌లు, ఫ్లాగులు చెప్పే టూల్ ప్యాకేజ్-కాన్ఫిగ్‌కు సిస్‌రూట్ సంగతి సీమేక్ చెప్పదు. దాని లిబ్‌డిర్, సిస్‌రూట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మనమే సెట్ చేయాలి. మొత్తం ఒకే ఫైల్‌లో ఉండాలనే ఉద్దేశం ఇక్కడ దెబ్బతింటుంది.

ఇక ఏ టూలూ చెప్పనివి, ప్లాట్‌ఫామ్ తెలిసినవాళ్లు మాత్రమే పెట్టే ఫ్లాగులు. ఎక్స్86 లినక్స్‌లో చార్ టైప్ సైన్డ్ (మైనస్ విలువలూ పడతాయి), ఆర్మ్ లినక్స్‌లో అన్‌సైన్డ్ (పడవు). చార్ వేరియబుల్‌లో మైనస్ 1 పెట్టి, తర్వాత సున్నా కంటే తక్కువా అని చూసే కోడ్‌కు ఆర్మ్‌లో 255 కనిపిస్తుంది, ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు. సైన్డ్ చార్ ఫ్లాగ్ పెడితే పాత కోడ్ నడుస్తుంది. నేను మాత్రం ఆ ఫ్లాగ్ పెట్టి పోర్ట్ పూర్తిచేసి, తర్వాత ఆ టైపులను ఒక్కొక్కటిగా సైన్డ్ చార్‌గానో ఇంట్‌గానో మార్చి ఫ్లాగ్ తీసేస్తాను.

రెండోది ఫ్లోటింగ్ పాయింట్. ఏ, బీలను గుణించి సీ కలిపే మామూలు లైన్ తీసుకోండి. సాధారణ ఎక్స్86-64 బిల్డ్‌లో గుణకారం తర్వాత ఒకసారి, కూడిక తర్వాత ఇంకోసారి రౌండింగ్ జరుగుతుంది. 64 బిట్ ఆర్మ్‌లో గుణించి కలపడం ఒకేసారి చేసే ఎఫ్‌ఎంఏ ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కంపైలర్ ఆ రెండిటినీ కలిపేస్తుంది, రౌండింగ్ ఒక్కసారే. ఫలితం నిజానికి ఇంకా కచ్చితం. కానీ చివరి అంకె మారొచ్చు, అప్పుడు పాత ఔట్‌పుట్‌తో అచ్చంగా పోల్చే టెస్టులు ఫెయిల్ అవుతాయి. ఇలా కలపడాన్ని అదుపు చేసే ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ ఫ్లాగ్‌ను ఆఫ్ చేస్తే రెండు చోట్లా ఈ లెక్క ఒకేలా వస్తుంది. కొలతల సాఫ్ట్‌వేర్‌కు దీన్ని మొదటి రోజే ఆఫ్‌లో పెట్టాలని నా అభిప్రాయం.

విండోస్‌కు టూల్‌చెయిన్ ఫైల్ అవసరం పెద్దగా రాలేదు. ఎంఎస్‌వీసీ (మైక్రోసాఫ్ట్ కంపైలర్) రన్‌టైమ్ లైబ్రరీ సెట్టింగ్ (సీమేక్ 3.15 నుంచి ఉంది) ప్రాజెక్ట్ మొత్తానికి ఒకే చోట పెడితే, సెట్టింగులు పొసగనప్పుడు లింకర్ ఇచ్చే ఎల్‌ఎన్‌కే2038 ఎర్రర్ల గోల తగ్గుతుంది. డీఎల్‌ఎల్ (విండోస్ షేర్డ్ లైబ్రరీ) సింబల్స్ అన్నీ ఎక్స్‌పోర్ట్ చేసే ప్రాపర్టీ ఫంక్షన్లకు బాగా పనిచేస్తుంది. గ్లోబల్ వేరియబుల్స్‌కు మాత్రం డీఎల్‌ఎల్ ఇంపోర్ట్ మనమే రాయాలి. స్టాక్ లినక్స్‌లో మామూలుగా 8 ఎంబీ, ఇక్కడ 1 ఎంబీయే. లోతైన రికర్షన్ ఉంటే లింకర్‌కు స్టాక్ సైజు చెప్పండి.

చాలామంది వాడని మంచి సదుపాయం క్రాస్‌కంపైలింగ్ ఎమ్యులేటర్. అక్కడ క్యూఈఎంయూ (వేరే ప్రాసెసర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) పేరు, సిస్‌రూట్ పాత్ ఇస్తే సీటెస్ట్ (సీమేక్‌తో వచ్చే టెస్టులు నడిపే టూల్) మన ఆర్మ్ టెస్టులను పీసీ మీదే నడుపుతుంది. కాన్ఫిగర్ సమయంలో ఏదైనా ప్రోగ్రామ్ నడిపి చూడాల్సిన పరీక్షలు కూడా ఆగిపోకుండా వెళ్తాయి. పైన చెప్పిన చార్ సమస్య, ఫ్లోటింగ్ పాయింట్ తేడా రెండూ ఇందులోనే బయటపడతాయి. టైమింగ్, డ్రైవర్లకు సంబంధించిన టెస్టులు మాత్రం ఇప్పటికీ బోర్డు మీదే నడుపుతున్నాం.