కావేరి మహసీర్ కోసం ఐదు రోజులు

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట మా బావమరిది ప్రతి ఆదివారం గాలం వేస్తాడు. పండుగప్ప పడితే ఆ రోజు ఇంట్లో పండగే. "బావా, కావేరి మహసీర్‌ని ఒక్కసారైనా చూడాలి" అని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. మహసీర్ అంటే నదుల్లో ఉండే, పెద్ద పొలుసుల భారీ చేప. సంక్రాంతి వెళ్ళాక విశాఖలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగుళూరులో దిగాం. అక్కడ మాట్లాడుకున్న కారు డ్రైవర్‌ది హిందూపురం. తెలుగూ కన్నడా రెండూ వచ్చిన మనిషి దొరకడం మా అదృష్టం.

ముందు కావేరి ఒడ్డున ఉన్న భీమేశ్వరి వెళ్ళాం. బెంగుళూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్ళ క్యాంపులో ఉన్నాం. గదులు నది ఒడ్డునే, భోజనం ప్యాకేజీలోనే. ఖరీదు ఎక్కువే కానీ శుభ్రత, సిబ్బంది మర్యాద చూశాక ఇచ్చిన డబ్బుకు బాధ కలగలేదు. నీళ్ళలో మొసళ్ళుంటాయి కాబట్టి పిల్లలతో వెళ్ళేవాళ్ళు జాగ్రత్త. వారాంతం మాత్రం వద్దు, పక్కనే ఉన్న ముత్తత్తికి జనం విపరీతంగా వస్తారు.

ఇప్పుడక్కడ గాలం వేయనివ్వరు. అది అభయారణ్యం. వన్యప్రాణి చట్టం ప్రకారం అందులో గాలం వేసినా వేట కిందే లెక్క. 2012 నాటికి కావేరి ఒడ్డున ఉన్న ఫిషింగ్ క్యాంపులు ఆ పని ఆపేశాయి. అంతకుముందు ప్రపంచం నలుమూలల నుంచీ ఇక్కడికి వచ్చేవారు. గాలానికి పడిన మహసీర్లలో పేరుమోసిన రికార్డు కూడా ఈ నదీ కుటుంబానిదే. 1946లో కావేరి ఉపనది కబినిలో పడింది, 120 పౌండ్లు. అంటే 54 కిలోలు.

ఊళ్ళో ఒక పెద్దాయన కలిశాడు. వయసులో ఉండగా వలలు వేశాడు, మడుగుల్లో తోటాలు పేల్చి చేపలు పట్టాడు. తర్వాత క్యాంపు వాళ్ళు ఆయన్నే జీతమిచ్చి గైడ్‌గా పెట్టుకున్నారు. ఏ మడుగులో ఏ చేప ఉంటుందో ఆయన కంటే ఎవరికి తెలుసు? పుట్టి నడపడం, పట్టిన చేపను తూచి నీళ్ళలోకి వదలడం, రాత్రి తోటా చప్పుడు వినిపిస్తే పరిగెత్తడం, అన్నీ ఆయన పనే. ఎర ఎలా చేసేవారో చేసి చూపించాడు. రాగిపిండి గట్టిగా ఉడికించి, అరచేతిలో నిమ్మకాయంత ఉండ చేసి, వేలితో నొక్కాడు. సొట్ట పడలేదు. "మెత్తగా ఉంటే చిన్న చేపలు కొరికేస్తాయి, పెద్దది వచ్చేదాకా నిలవదు" అన్నాడని డ్రైవర్ చెప్పాడు. ఎర చేసి పదేళ్ళు దాటినా ఆ వేళ్ళు ఏమీ మరచిపోలేదు.

కావేరి ఒడ్డునే ఉన్న గాలిబోరె క్యాంపులో పట్టి వదిలేసిన చేపల లెక్కలు పుస్తకాల్లో రాసిపెట్టారు. 1998 నుంచి 2012 వరకు ఉన్న ఆ లెక్కలే శాస్త్రవేత్తలకు అసలు సంగతి చెప్పాయి. కావేరికే సొంతమైన, నారింజ తోక ఉన్న మూపురం మహసీర్ తగ్గిపోతూ వచ్చింది. దాని చోట నీలి రెక్కల మహసీర్ పెరిగింది. అది లోనావలాలో టాటా వాళ్ళ కేంద్రంలో పొదిగించి, మంచి ఉద్దేశంతోనే తెచ్చి వదిలిన రకం. అసలు చేపకు టార్ రెమాదేవి అన్న శాస్త్రీయ నామం ఖాయమై, అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా జాబితాకెక్కింది 2018లోనే. ఆ పుస్తకాలు లేకపోతే ఈ సంగతి అప్పటికైనా తెలిసేదా? చట్టాన్ని నేను తప్పు పట్టను. కానీ పెద్దాయన లాంటి వాళ్ళకు నది మీద పని తిరిగి ఇవ్వాలి. మన ఆర్కే బీచ్‌లో తాబేలు గుడ్ల కాపలా జాలరిపేట కుర్రాళ్ళకు అప్పగించినట్టే.

కొడగులో మాత్రం దెబ్బతిన్నాం. ఒక హోమ్‌స్టే వాళ్ళు ఆన్‌లైన్‌లో 'మహసీర్ ఫిషింగ్' అని ఫొటోలు పెట్టారు. తీరా వెళ్తే కాఫీ తోటలో తవ్విన చెరువు, అందులో కట్ల. డబ్బు వెనక్కివ్వలేదు. పంది కూర, కడుబు మాత్రం బాగున్నాయి, అది ఒప్పుకోవాలి. వాల్నూరు దగ్గర కూర్గ్ వైల్డ్‌లైఫ్ సొసైటీ ఏళ్ళ తరబడి నదికి కాపలా కాసింది. పర్మిట్ తీసుకుని గాలం వేయాలి, పట్టింది వదిలేయాలి, ఇదీ వాళ్ళ నియమం. మీరు వెళ్తే పర్మిట్ సంగతి ముందు సొసైటీనే అడగండి, హోమ్‌స్టే మాట నమ్మకండి.

ఆఖరి మజిలీ శృంగేరి. మఠం గది చవక, నీట్‌గా ఉంది. భోజనం ఉచితం, చారు అద్భుతం. తుంగ మెట్ల మీద కూర్చుని మా బావమరిది మరమరాలు చల్లాడు. నీళ్ళు నల్లబడ్డాయి. మూరెడేసి మహసీర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి వచ్చాయి, పొలుసులు ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత. ఇక్కడ పర్మిట్ లేదు, జీతం లేదు. దేవుడి చేప అన్న నమ్మకమే కాపలా. వాడు గంటసేపు లేవలేదు.

విశాఖ వచ్చిన ఆదివారం వాడితో నేనూ భీమిలి వెళ్ళాను. గాలానికి వెనక్కి తిరిగి ఉండే ముల్లును ప్లయర్‌తో నొక్కేశాడు, వదిలేటప్పుడు చేప నోరు చిరగకుండా. మూరెడు పండుగప్ప పడింది. టేపుతో కొలిచి, జేబులోంచి కొత్త నోట్‌బుక్ తీసి తేదీ, పొడుగు రాసుకుని, నీళ్ళలోకి వదిలాడు.