నిద్ర కోసం ఆడియో బైబిల్: మూడు కీర్తనలు, ఆ తర్వాత మౌనం

పక్క మీద వాలగానే మనసులో చిట్టా విప్పుకునే రకం నేను. పొద్దున ఎవరితో ఏమన్నాను, రేపు ఎవరికి ఏం జవాబు చెప్పాలి, కట్టాల్సినవి ఏం మిగిలాయి... ప్రార్థన చేసుకుని పడుకున్నా ఇదే వరస. అందుకని ఫోన్‌లో తెలుగు ఆడియో బైబిల్ పెట్టుకుని, అందులో రాత్రి వినడానికి వేరుగా ఇచ్చిన కీర్తనలను చాలాకాలంగా వింటున్నాను. యాప్ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఇలాంటి ఏ యాప్‌కైనా సరిపోతుంది.

ముందు గొంతు సంగతి. ఒక్కరే చదివే రికార్డింగు ఉంటుంది, పాత్రకో గొంతు పెట్టి సంగీతంతో నాటకంలా చేసినదీ ఉంటుంది. నాటకం పగలు వినడానికి బాగుంటుంది, రాత్రికి మాత్రం వద్దు. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయంలో ప్రవక్త ఏలీయా బదరీ వృక్షం కింద అలసి నిద్రపోతాడు, దేవదూత తట్టి లేపి భోజనం పెడతాడు, మళ్లీ పడుకోనిస్తాడు. వింటుంటే మనకీ కళ్లు మూతపడతాయి. కాసేపటికి కొండలు బద్దలు చేసే గాలి, ఆ వెంటనే భూకంపం, అన్నీ సౌండ్ ఎఫెక్టులతో! ఇక నిద్రెక్కడ? ఎత్తుపల్లాలు లేకుండా ఒకే గొంతు చదివేదే ఎంచుకోండి. “యెహోవా, నెమ్మదితో నేను పండుకొని నిద్రపోవుదును” అన్న 4వ కీర్తన వాక్యంలో ఆ నిదానం ఎలాగూ ఉంది, చదివేవాళ్లు దాన్ని చెడగొట్టకపోతే చాలు.

ఒకటి అయిపోగానే తర్వాతది దానంతట అదే మొదలయ్యే ఆటోప్లే అనేదాన్ని వెంటనే ఆపేయాలి. 136వ కీర్తన రాత్రికి ఎంతో బాగుంటుంది. 26 వచనాలు, ప్రతి వచనం చివర దేవుని కృప నిరంతరం ఉంటుందన్న అదే మాట. సగంలోనే ఒళ్లు తేలికవుతుంది. అది అయిపోగానే యాప్ దానంతట అదే 137లోకి వెళుతుంది. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ల పాట అది. చివరి వచనంలో పసిపిల్లలను బండకేసి కొట్టడం గురించి ఉంది. బైబిల్లో ఆ కీర్తనకు దాని చోటు దానికి ఉంది, అర్ధరాత్రి నా దిండు పక్కన మాత్రం కాదు. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయని రాత్రి విభాగం తయారుచేసినవాళ్లకు తట్టకపోవడం వింతే.

నాకు నిజంగా పనికొచ్చిన పద్ధతి చాలా పాతది. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠంలోని సన్యాసుల కోసం రాసిన నియమావళిలో, పడుకునే ముందు చేసే ప్రార్థనకు మూడు కీర్తనలే పెట్టాడు: 4, 91, 134. రోజూ అవే, మార్పు లేదు. ప్రార్థన అయ్యాక ఎవరూ మాట్లాడకూడదు. మూడూ కలిపితే 27 వచనాలు, కొద్ది నిమిషాల్లో అయిపోతాయి. నేను ఈ మూడింటినే ప్లేలిస్టుగా పెట్టుకున్నాను. రోజూ అవే కావడంతో తర్వాత ఏమొస్తుందో అన్న ఆసక్తి ఉండదు, చెవి దేన్నీ వెతుక్కోదు. 134 ముగియగానే ఫోన్ ఆగిపోతుంది. ఎనిమిది గంటలపాటు సాగే ‘నిద్ర సంగీతం’ ట్రాకులు కూడా ఉన్నాయి కానీ అవి నన్ను వినేలా చేస్తాయి తప్ప పడుకోనివ్వవు.

కీర్తనలకు ముందు ఒక కాగితం మీద రేపటి పనులు రాసి, ఒక్కొక్కటే చదువుతూ దేవునికి అప్పజెప్పుతాను. చింత అంతా ఆయన మీద వేయమని పేతురు రాసిన మాటను నేను పాటించే తీరు ఇది. బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో 57 మంది యువతీయువకులు పడుకునే ముందు 5 నిమిషాలు రాశారు. సగంమంది చేయాల్సిన పనులు, మిగతావాళ్లు అప్పటికే చేసేసినవి. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. వాళ్లు ప్రార్థన గురించి ఏమీ పరీక్షించలేదు, ఆ మాటా చెప్పాలి. రాయడం తల బరువు దించుతుంది, ఆ బరువును ఎవరికి ఇచ్చానో నాకు విశ్వాసం చెబుతుంది. ఇశ్రాయేలును కాపాడేవాడు కునకడు, నిద్రపోడు అని 121వ కీర్తన అంటుంది కదా. ఒకరు మేలుకుని ఉన్నారు, ఇక నేను కాపలా కాయక్కర్లేదు.

యాప్‌లో కీర్తనల మధ్య వచ్చే చిన్న ప్రసంగాలు నాకు నచ్చలేదు. నిద్ర పట్టకపోతే విశ్వాసం తక్కువైనట్టే అన్న ధోరణి కొన్నింటిలో వినిపిస్తుంది. 77వ కీర్తన రాసిన ఆసాపు, నా కళ్లు మూతపడనివ్వడం లేదని దేవునితోనే అంటాడు. 6వ కీర్తనలో దావీదు రాత్రంతా ఏడ్చి పరుపు తడిపేస్తాడు. వీళ్లకు విశ్వాసం లేదందామా? మరీ దిగులుగా ఉన్న రాత్రి ఓదార్పు మాటలకన్నా ఈ రెండు కీర్తనలే నాకు తోడుంటాయి. యాప్ రాత్రి విభాగంలో ఇవి లేవు. వెతికి కలుపుకోవాల్సిందే.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు, వారాల తరబడి నిద్ర లేక పగలు తూలిపోయేవాళ్లకు ఏ కీర్తనా డాక్టరుకు బదులు కాదు. అది నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా కావచ్చు, పరీక్ష చేయించుకోవాలి. ప్రార్థించి వెళ్లండి, వెళ్లడం మాత్రం మానకండి.

ఐదుకు మూడున్నర నక్షత్రాలు ఇస్తాను. చదివిన గొంతుకు మూడు, తెర ఆపేసినా ఆడియో ఆగకుండా నడిచినందుకు అర. మిగతాది ఎక్కడ పోయిందంటే, రాత్రి పది దాటాక “ఈరోజు మీ వరుస తెగిపోబోతోంది” అని, అంటే రోజూ తప్పకుండా విన్న రోజుల లెక్క పోతుందని, ఫోన్ మోగుతుంది. నెమ్మది కోసం పెట్టుకున్న యాప్ నాకు టెన్షన్ పెట్టడమేమిటి! సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు ఆపేయండి, ముందు ఆ పని చేశాకే కీర్తనలు మొదలుపెట్టండి.